గుర్తులు లేని గోడ

సాయంత్రం అయిదింటికి ఆ అమ్మాయిని అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టర్ చెప్పేశాడు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయింది. అంటే చేతిలో ఉన్నది అయిదు గంటల నలభై నిమిషాలు. అందులో భోజనానికి పావుగంట పోతుందని లెక్కేసుకుని, ఆ పావుగంట కూడా దండగే అనుకుని, డిటెక్టివ్ మూడో అంతస్తు మెట్లెక్కింది.

ఆవిడను అందరూ జిగురు అంటారు. వెనకాల అంటారు, మొహమ్మీదా అంటారు. ఒక పని పట్టుకుంటే వదలదని వచ్చిన పేరది. యాభై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, చేతిలో ఎప్పుడూ ఓ చిన్న నోటుపుస్తకం. పేరు గురించి ఆవిడకు కోపం లేదు, ఆ పేరు విని కదా కేసులొస్తున్నాయి అంటుంది. ఈ కేసు తెచ్చింది ఓ అత్తగారు. కోడళ్ల మీద ఫిర్యాదులు మోసుకొచ్చిన అత్తగార్లను జిగురు బోలెడంతమందిని చూసింది గానీ, కోడలి కోసం పోలీసుల మీద ఒంటికాలి మీద లేచిన అత్తగారిని చూడడం ఇదే మొదలు.

"మా కోడలు అబద్ధం ఆడదమ్మా," అంది ఆవిడ. "పాలు పొంగిపోయాయనుకోండి. పిల్లి మీద పెట్టేయొచ్చు, మా ఇంట్లో పిల్లి ఉంది కూడా. అయినా 'నేనే చూసుకోలేదత్తయ్యా' అని ఒప్పేసుకుంటుంది. అలాంటి పిల్ల ఒక మనిషి ప్రాణం విషయంలో అబద్ధం ఆడుతుందా?"

జిగురుకు ఆ మాట నచ్చింది. కేసు తీసుకుంది.

కోడలు పనిచేసేది ఈ మూడో అంతస్తులోనే. ఎనిమిదిమంది ఉన్న చిన్న కంపెనీ. ఆనకట్టలో నీళ్లు నిండినప్పుడు గోడలో ఏ చోట ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటరుతో లెక్క కట్టి, ఆ లెక్కని రంగు బొమ్మగా చూపిస్తారు. నీలం ఉంటే భయం లేదు, ఎరుపు ఉంటే జాగ్రత్త పడాలి. పోయిన నెల ఓ ఆనకట్ట గోడకు లెక్క కట్టింది కోడలు. గోడ బాగుందని కంపెనీ రిపోర్టు ఇచ్చింది. నీళ్లు నింపిన వారానికి గోడ లోపలి సొరంగంలోకి నీరు తన్నుకొచ్చి కాపలా మనిషి కొట్టుకుపోయాడు. తను మూడు చోట్ల ప్రమాదం ఉందని కనిపెట్టి, బొమ్మ మీద మూడు ఎర్ర గుర్తులు పెట్టి, సేవ్ చేశానని కోడలు అంటుంది. పోలీసులు స్వాధీనం చేసుకున్న ఫైల్లో ఒక్క గుర్తు లేదు. చనిపోయిన మనిషి పాపం ఎవరి నెత్తిన పడుతుందన్నది ఆ మూడు గుర్తుల మీద ఆధారపడి ఉంది.

బొమ్మలు చూసే హాల్లో ఇన్‌స్పెక్టర్ తిరిగే కుర్చీలో కూర్చుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన జిగురుకు స్వయానా చెల్లెలి మొగుడు. ఇంట్లో వదిన గీసిన గీత దాటడు. యూనిఫారంలో ఉన్నప్పుడు మాత్రం ఆ లోటంతా తీర్చుకుంటాడు.

"రండి వదినా. కాస్త ముందొస్తే టీ అయినా దొరికేది. ఇప్పుడు టీ లేదు, కేసూ లేదు."

"టీ నువ్వు తాగేశావు. కేసు నాకు వదిలెయ్," అంది జిగురు, కోడలి పక్కనున్న కుర్చీ లాక్కుంటూ.

కోడలికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి గానీ మాటలో తడబాటు లేదు. ఆ బుధవారం ఏం జరిగిందో నిమిషాలతో సహా చెప్పమంది జిగురు. మొదటి గుర్తు పదకొండూ నలభైకి పెట్టింది. మూడోది పన్నెండూ ఆరుకి. పన్నెండూ పదికి సేవ్ చేసి, చీఫ్ ఇంజనీరు గదికి వెళ్లి నోటితో కూడా చెప్పింది. ఆయన చూస్తానన్నాడు. పన్నెండూ ముప్పావుకి కింద క్యాంటీన్‌కి భోజనానికి వెళ్లింది, ఈ హాలు కంప్యూటర్లో బొమ్మని తెరిచి ఉంచే వెళ్లింది. రెండింటికి అయిదు నిమిషాలుందనగా తిరిగొచ్చి, రెండూ పదికి మళ్లీ సేవ్ చేసి మూసేసింది. సాయంత్రం అయిదింటికి చీఫ్ రిపోర్టు మీద సంతకం పెట్టి పంపేశాడు. రిపోర్టు తనకు చూపించలేదు.

"ఆ గుర్తులు ఉన్నట్టు ఇంకేదైనా సాక్ష్యం ఉందా? కాగితం, ఫోటో, ఏదైనా సరే."

కోడలు వేలి గోరు వైపు చూసుకుంది. "లేదండీ."

మిగతా ప్రశ్నలన్నిటికీ ఆ అమ్మాయి ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పింది. దీనికి మాత్రం మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టింది. జిగురు పుస్తకంలో ఓ సున్నా చుట్టి వదిలేసింది. మరిది ముందు తవ్వడం ఇష్టంలేక అప్పటికి ఊరుకుంది.

తర్వాత ప్రోగ్రామర్‌ని పిలిచింది. నలభై దాటిన మనిషి, బట్టతల. మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా తెర వైపే చూస్తాడు. గుర్తులు పెట్టే ప్లగిన్ రాసింది ఆయనే. బయట కొన్న సాఫ్ట్‌వేర్‌కి బొమ్మ గీయడమే వచ్చు. దాని మీద ఎర్ర గుర్తు పెట్టి, పక్కన ఓ ముక్క రాసి, ఎవరు పెట్టారో చూపించే సౌకర్యం ఈయన అతికించిన ప్లగిన్ వల్ల వచ్చింది.

"పోలీసులు పట్టుకున్నది స్టేట్ ఫైల్ అంటున్నారు, అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పండి. నాకు కంప్యూటర్లో ఉత్తరం రాయడం వచ్చు, అంతే," అంది జిగురు.

"ఒక వంటకం మళ్లీ కావాలనుకోండి మేడమ్, దాన్ని డబ్బాలో పెట్టి దాచక్కర్లేదు కదా. ఎలా వండామో రాసిపెట్టుకుంటే చాలు. స్టేట్ ఫైల్ అంతే. ఇందులో గోడ ఉండదు, లెక్కలుండవు. ఏ లెక్కల ఫైలు తెరిచాం, గోడని ఎక్కడ కోసి చూశాం, ఏ రంగులు వేశాం, ఏ వైపు నుంచి చూస్తున్నాం, తెర మీద బొమ్మ కిటికీ ఎంత పెద్దగా ఉంది, అన్నీ రాసి ఉంటాయి. మళ్లీ లోడ్ చేస్తే వదిలేసిన చోట నుంచి మొదలవుతుంది."

"మరి గుర్తులో?"

"అవి సాఫ్ట్‌వేర్‌కి తెలీవు. సేవ్ చేసేటప్పుడు నా ప్లగిన్ ఆ ఫైల్లోనే తన భాగం ఒకటి రాసుకుంటుంది. లోడ్ చేసేటప్పుడు తన భాగం తను చదువుకుంటుంది."

పోలీసులు పట్టుకున్న ఫైలు నకలు తెరిపించింది జిగురు. బొమ్మగా వద్దు, లోపల రాసిన రాతలుగా చూపించమంది. తెర మీద బారెడు రాత దిగింది. లెక్కల ఫైలు పేరు, రంగులు, కోతలు, చూసే వైపు. చివరిసారి సేవ్ అయిన సమయం ఆ బుధవారమే, నాలుగూ పన్నెండు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివింది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు ఆవలించాడు.

"ప్రోగ్రామర్ గారూ, ఎవరూ ఒక్క గుర్తు కూడా పెట్టకపోతే మీ ప్లగిన్ ఏం రాస్తుంది?"

"గుర్తులు సున్నా అని రాస్తుంది."

"ఆ సున్నా ఇందులో ఎక్కడుంది?"

ఆయన కిందికి వెళ్లాడు, పైకి వచ్చాడు, మళ్లీ కిందికి వెళ్లాడు. బట్టతల మీద చెమట పట్టింది. సున్నా లేదు. గుర్తుల భాగమే లేదు. ఆ అమ్మాయి గుర్తులు పెట్టకపోయినా, పెట్టి తీసేసినా, సున్నా అయినా మిగలాలి. భాగం మొత్తం మాయమైందంటే దారి ఒక్కటే. ప్లగిన్ లేని కంప్యూటర్లో ఈ ఫైలు తెరిచి సేవ్ చేశారు. ప్లగిన్ లేని చోట సాఫ్ట్‌వేర్ తనకు తెలియని భాగాన్ని కిక్కురుమనకుండా దాటేస్తుంది, సేవ్ చేసినప్పుడు తనకు తెలిసినంత మాత్రమే తిరిగి రాస్తుంది.

ప్రతి తెర అంచునా 'మూసే ముందు సేవ్ చేయండి' అని అంటించిన కాగితం ముక్కల వైపు చూసింది జిగురు. ఈ ఆఫీసులో ఊరికే చూడ్డానికి తెరిచినా సేవ్ నొక్కి గాని మూయరు. అదే వీళ్ల అలవాటు, అదే వీళ్ల కొంప ముంచింది. ఈ ప్రమాదం ఉందని అందరికీ తెలుసా అని అడిగితే, మూడు నెలల కిందట మీటింగ్ పెట్టి మరీ చెప్పానన్నాడు ప్రోగ్రామర్.

"ఇప్పుడు ప్లగిన్ లేని కంప్యూటర్లు ఎన్ని?"

"ఒక్కటే," అన్నాడాయన, గొంతు తగ్గించి. "చీఫ్‌గారిది. కొత్తగా వచ్చింది. నా కంప్యూటర్లో ఎవరూ వేలు పెట్టొద్దన్నారు."

ఫైల్లో రాసి ఉన్న కిటికీ కొలత కూడా ఆ గదిలోని వెడల్పాటి తెరకే సరిపోయింది. మిగతా ఏడు తెరలూ చిన్నవి.

చీఫ్ ఇంజనీరు గదిలో పన్నెండు నిమిషాలు కూర్చుంది జిగురు. ఇస్త్రీ చొక్కా, వెండి రంగు జుట్టు, మర్యాదకు మారుపేరులా ఉన్నాడు. టీ తెప్పించాడు. కోడలు మంచి పిల్లేనని, పనిభారంలో పొరపాటు చేసి ఇప్పుడు భయంతో కథలల్లుతోందని జాలిపడ్డాడు. ఆ రోజు తన దగ్గరికి వచ్చి ఏమీ చెప్పలేదన్నాడు. తను మూడున్నరకే బయటికి వెళ్లి అయిదింటికి సంతకం పెట్టడానికే తిరిగొచ్చానని, గదికి తాళం వేసే అలవాటు లేదని చెప్పాడు.

"ఈ గుర్తులు పెట్టే పద్ధతి ఎలా ఉంటుంది? మీరు వాడతారా?"

"నేనా?" ఆయన నవ్వాడు. "గుర్తులూ గిర్తులూ పిల్లల పనండీ. నేను రంగు చూసి చెప్పేస్తాను. ఆ ప్లగిన్‌ని నేను జన్మలో ముట్టుకోలేదు. ఎలా వాడాలో కూడా తెలీదు."

ఆ మాటని జిగురు ఉన్నదున్నట్టు రాసుకుంది. అడగకుండానే ఆయన ఇంకో సంగతి చెప్పాడు. నీరు వచ్చిన చోట పూడ్చేశారనీ, నిన్ననే తను సంతకం పెట్టాననీ, ఇవాళ పొద్దుట ఎనిమిదింటి నుంచి మళ్లీ నీళ్లు నింపుతున్నారనీ అన్నాడు. గోడకు ఢోకా లేదని బల్ల మీద చేత్తో తట్టి చూపించాడు.

హాల్లోకి తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుంటున్నాడు. కోడల్ని ఆనకట్ట దగ్గరికి తీసుకెళ్తున్నానన్నాడు. తను చెబుతున్న మూడు చోట్లు ఎక్కడో అక్కడే నిలబడి చూపించమంటాడట. తేడా వస్తే అయిదింటి దాకా ఆగడట.

జిగురు తనకు దొరికింది చెప్పింది. ఆయన విన్నాడు, వింటూనే తల అడ్డంగా ఊపాడు.

"మీ సాక్ష్యం ఏంటి వదినా? ఫైల్లో లేని ఒక లైను. లేనిదాన్ని పట్టుకుని నేను కోర్టుకెళ్తే, జడ్జిగారు నన్ను కూడా లేనట్టే చూస్తారు."

"లేకపోవడమే సాక్ష్యం. సున్నా ఉండాలి, లేదు."

"తాళం లేని గది. ఆ అమ్మాయే నాలుగింటికి ఆ గదిలోకి వెళ్లి సేవ్ చేసిందేమో. ముందే తప్పు చేసి, రేపు ఎప్పుడైనా చీఫ్ మీదకి నెట్టొచ్చని."

"కాపలా మనిషి తర్వాతెప్పుడో చచ్చిపోతాడని ఆ పిల్లకి కల వచ్చిందా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు, వాళ్ల ముందు వదిన దగ్గర ఓడిపోవడం ఆయన వల్ల కాలేదు. "చూడండి, ఇంట్లో మీరు చెప్పినట్టే వింటాను. ఇక్కడ చెవుల్లో ఇల్లు కట్టుకుని అరిచినా వినను. పన్నెండూ నలభై అయింది. నాకు కావలసింది చేత్తో పట్టుకునేది. అదుంటే ఫోన్ చెయ్యండి."

"చేస్తాను. ఎత్తకపోతే చెల్లెలికి చేస్తాను," అంది జిగురు. కానిస్టేబుళ్లలో ఒకడు దగ్గు వచ్చినట్టు నటించాడు. కోడలు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, నమ్మకం ఉంది. నమ్మినవాళ్లకు సమాధానం చెప్పుకోవడం జిగురుకు ఎప్పుడూ కష్టమే.

వాళ్లు వెళ్లిన అరగంటకి అత్తగారు వచ్చింది. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, ఇంకో చేతిలో గుడ్డసంచి. కోడలు పొద్దుట ఏమీ తినకుండా వచ్చిందట. ఆ పిల్ల ఇక్కడ లేదని తెలిసి మొహం మాడ్చుకుని, అయితే వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానంది. కూర్చున్నావిడ ఊరికే ఉండలేక సంచిలోంచి కుట్టుపని తీసింది. దిండు గలీబు. నీలం, ఆకుపచ్చ, పసుపు దారాలతో అలలు అలలుగా వంపు తిరిగిన ఒక బొమ్మ. ఆ రంగుల మధ్య మూడు ఎర్ర ముడులు.

జిగురు లేచి వెళ్లి ఆవిడ చేతిలోంచి గుడ్డ తీసుకుంది. "ఇదేంటక్కగారూ?"

"ఏముందమ్మా, కోడలు ఆఫీసు బొమ్మ. తన పనిలో బొమ్మల రంగులు భలే ఉంటాయంటే, కుట్టుకుంటాను ఒకటి తెచ్చిపెట్టమన్నాను. తెచ్చింది పాపం, టీవీలో పెట్టుకుని చూస్తూ కుట్టాను."

"ఈ ఎర్ర ముడులు?"

"బొమ్మలో ఉన్నాయి, నేనూ వేశాను. నేను సొంత కవిత్వాలు కుట్టను."

పది రోజులుగా ఆ పిల్ల తన దగ్గర లేదంటున్న సాక్ష్యం అత్తగారి దిండు మీద ఉంది. మీరెందుకు చెప్పలేదని జిగురు అడిగితే ఆవిడ తెల్లబోయింది. ఆఫీసు బొమ్మ బయటికి తేకూడదని, ఎవరికీ చెప్పొద్దని కోడలు ఒట్టు వేయించుకుందట. "చెప్తే దాని ఉద్యోగం పోతుందేమోనని నోరు కుట్టేసుకున్నాను. అది కూడా చెప్పలేదా? నా పేరు పోలీసుల నోట్లో పడుతుందని అయ్యుంటుంది. పిచ్చిమొహం." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"బొమ్మ దేంట్లో తెచ్చింది?"

సంచి అడుగున, దారపు ఉండల మధ్య నుంచి ఒక పెన్‌డ్రైవ్ బయటికి వచ్చింది. ప్రోగ్రామర్ దాన్ని పెట్టి చూశాడు. ఒకే ఒక బొమ్మ. ఆ బుధవారం, మధ్యాహ్నం రెండూ అయిదుకి తీసింది. గోడ ముందు వైపు, నీళ్లు ఉండే వైపు. మూడు ఎర్ర గుర్తులూ ఉన్నాయి.

జిగురు ఊపిరి పీల్చుకోబోయి ఆగిపోయింది. మరిది మొహం గుర్తొచ్చింది. బొమ్మ మీద ఎర్ర చుక్కలు ఎవరైనా పెట్టుకోవచ్చంటాడు, అనేసి చేతులు దులుపుకుంటాడు. ఆ మాటే పైకి అంది.

ప్రోగ్రామర్ మొదటిసారి తెర మీంచి చూపు తిప్పి ఆవిడ మొహంలోకి చూశాడు. "చుక్కలు పెట్టుకోవచ్చు మేడమ్. కాని బొమ్మ సేవ్ చేసేటప్పుడు, అప్పటి స్టేట్ మొత్తాన్ని ఆ బొమ్మ ఫైల్లోనే దాచే సౌకర్యం ఒకటి ఉంది. నేనే అన్ని కంప్యూటర్లలోనూ అది ఆన్ చేసి పెట్టాను. ఈ బొమ్మని బొమ్మలా కాకుండా స్టేట్‌లా లోడ్ చేస్తే, ఆ రెండూ అయిదుకి ఈ హాల్లో తెర మీద ఏముందో అంతా లేచి నిలబడుతుంది. గుర్తుల భాగంతో సహా. ఎవరు, ఎప్పుడు పెట్టారో కూడా ఉంటుంది."

"లోడ్ చెయ్యండి."

లెక్కల ఫైలు పెద్దది. పదకొండు నిమిషాలు పడుతుందన్నాడు. జిగురు నిలబడే ఉంది, మోకాళ్లు మొరపెట్టుకుంటున్నా కూర్చోలేదు. అత్తగారు సూదిని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టేసింది. తెర మీద ముందు బూడిద రంగు గోడ వచ్చింది, తర్వాత నీలం, తర్వాత మిగతా రంగులు. చివరికి ఒకటొకటిగా ఎర్ర గుర్తులు వెలిగాయి. ఒకటి, రెండు, మూడు. పక్కన రాతలు, కోడలి పేరు పొడి అక్షరాలు, సమయాలు. పదకొండూ నలభై. పదకొండూ యాభై రెండు. పన్నెండూ ఆరు. ఆ అమ్మాయి చెప్పిన దానికి ఒక్క నిమిషం తేడా లేదు.

"చూశారా," అంది అత్తగారు. "పిల్లి మీద పెట్టే పిల్ల కాదు."

జిగురు ఫోన్ తీసింది. ఇన్‌స్పెక్టర్ నంబరు నొక్కబోతుంటే ప్రోగ్రామర్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన తెర మూల వైపు చూస్తున్నాడు. అక్కడ ప్లగిన్ లెక్క రాసి ఉంది. గుర్తులు: నాలుగు.

"మూడే కదా ఉన్నవి?"

"ఈ వైపు మూడే మేడమ్."

ఆయన మెల్లిగా గోడని తిప్పాడు. ముందు వైపు పక్కకి జరిగింది, గోడ మందం కనిపించింది, వెనక వైపు తిరిగి వచ్చింది. అడుగున, గోడ నేలని తాకే చోట, సొరంగం మొదలయ్యే మూల, ఒక్క ఎర్ర గుర్తు. దాని చుట్టూ ఉన్న రంగు ముందు వైపు చోట్లన్నిటికన్నా చిక్కగా ఉంది.

సమయం ఒకటీ ఇరవై ఏడు. 'ఎవరు' అన్న చోట, పెట్టినవాళ్లే టైపు చేయాల్సిన చోట, రెండు పొడి అక్షరాలు. ప్రతి రిపోర్టు చివరా ఉండే ఆ రెండక్షరాలు ఈ ఆఫీసులో ఒక్కరివే. ఒకటీ ఇరవై ఏడుకి కోడలు తనతోపాటే కింద క్యాంటీన్‌లో ఉందని, ఇంకో ముగ్గురు కూడా ఉన్నారని ప్రోగ్రామర్ చెప్పాడు. తెరిచి ఉన్న బొమ్మ ముందు చీఫ్ కూర్చున్నాడు. గోడని తిప్పాడు. ఆ పిల్ల చూడనిది చూశాడు. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి చెయ్యి దానంతట అదే గుర్తు పెట్టేసింది. తర్వాత బొమ్మని మళ్లీ ముందు వైపుకి తిప్పేసి, ఏమీ ఎరగనట్టు లేచి వెళ్లాడు. జన్మలో ముట్టుకోలేదన్న ప్లగిన్‌తో ఆయన రాసిన ముక్క పక్కనే ఉంది.

'నాలుగింటిలోకీ ఇదే ప్రమాదం. నీటిమట్టం నలభై మీటర్లు దాటితే కింది సొరంగంలో మనిషి ఉండకూడదు.'

ఒకటిన్నరకీ నాలుగూ పన్నెండుకీ మధ్య ఆయన మనసు ఎందుకు మారిందో, ఎవరు మార్చారో తర్వాత తేలాలి. ఇప్పుడు జిగురు అడిగింది ఒక్కటే. "నీటిమట్టం ఎంతుందో ఎలా తెలుస్తుంది?"

గంట గంటకీ వెబ్‌సైట్లో పెడతారట. ప్రోగ్రామర్ తెరిచాడు. రెండు గంటల అంకె అప్పుడే వచ్చింది. నలభై ఒకటి పాయింట్ రెండు మీటర్లు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది గాని ఎత్తలేదు. ప్రోగ్రామర్ చీఫ్ గదికి పరుగెత్తి, అంత వేగంగానే తిరిగొచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉందన్నాడు, ఒంటిగంటకే సంచి తీసుకుని వెళ్లిపోయాడట. ఆనకట్ట కంట్రోల్ రూము నంబరు ఆయన బల్ల మీద అద్దం కింద ఉంది. జిగురు దానికి కొట్టింది. అవతలి మనిషి నింపాదిగా మాట్లాడాడు. పోలీసుసారు, ఒక అమ్మాయి, ఇద్దరు కానిస్టేబుళ్లు కింది సొరంగంలోకి దిగి పావుగంటయిందన్నాడు. లోపల గోడకి ఫోన్లుంటాయి, కలుపుతానన్నాడు. ముందు నీళ్లు నింపడం ఆపండి అంది జిగురు. పై నుంచి ఆర్డరు కావాలన్నాడు. "మనుషులు పోయాక ఆర్డరు వస్తుంది. ఆపి, ఫోన్ కలుపు," అంది. ఆ గొంతు విని అతను ఇంకేమీ అడగలేదు.

నాలుగుసార్లు మోగాక ఇన్‌స్పెక్టర్ ఎత్తాడు, జిగురు హలో అనగానే గొంతు గుర్తుపట్టాడు. "వదినా, ఇక్కడ కూడా వదలరా నన్ను?"

"నాలుగో గుర్తు ఉంది. చీఫ్ పెట్టాడు. మీరు నిలబడ్డ చోటే పెట్టాడు. వెంటనే బయటికి రండి."

"నాలుగోది ఏంటి? అసలు ఈ సొరంగంలోకి తీసుకొచ్చి చూపించమంది చీఫ్‌గారే. దిగువ మూల దాకా తీసుకెళ్లండి, అక్కడైతే అమ్మాయి అబద్ధం ఇట్టే బయటపడుతుంది అని నాకు ప్రత్యేకంగా..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆయనకి అర్థమైందని జిగురుకు తెలిసింది. ఆ మౌనంలో వెనక నుంచి సన్నగా ఏదో చప్పుడు వినిపించింది. ఆవిడ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"వదినా," అన్నాడాయన. గొంతులో పోలీసు లేడు, చెల్లెలి మొగుడే ఉన్నాడు. "ఇందాక వచ్చినప్పుడు ఇక్కడ నేల పొడిగా ఉంది. ఇప్పుడు నా బూట్లు మునిగాయి."

"ఫోన్ వదిలెయ్. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పరుగెత్తు. వచ్చిన దారినే పరుగెత్తు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు రాలేదు. తీగ చివర అది గోడకి కొట్టుకుంటున్నట్టుంది. బూట్ల చప్పుడు దూరమైంది, నీళ్ల చప్పుడు మాత్రం దగ్గరైంది. ఆ తర్వాత రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు.

అత్తగారు ఎప్పుడొచ్చిందో పక్కన నిలబడి ఉంది. జిగురు మణికట్టు పట్టుకుంది.

"మా అమ్మాయి అక్కడే ఉందా?"

జిగురుకు ధైర్యం చెప్పే మాటలు చాలా వచ్చు. ఒక్కటీ వాడలేదు. "అక్కడే ఉందక్కా," అంది, ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండా.